మోకాలి ఆపరేషన్ అయి 7 నెలలు. కూర్చుంటే ఒళ్ళు పెరిగిపోతోంది, కదిలితే భయమేస్తోంది. ఏం చేయమంటారు?

చంపావతి గట్టు:

అందరికీ నమస్తే. మాది నెల్లిమర్ల దగ్గర పల్లెటూరు. నాకు 33 ఏళ్ళు, జూట్ మిల్లులో పని, షిఫ్ట్ మొత్తం నిలబడే ఉండాలి. మొన్న సంక్రాంతికి ఊళ్ళో కబడ్డీ ఆడుతూ కూతకి వెళ్ళి వెనక్కి తిరగబోయాను, కుడికాలు మట్టిలో అలాగే దిగబడిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. నన్నెవరూ పట్టుకోలేదు, తోయలేదు. లోపల టప్‌మని శబ్దం. పక్కనున్నవాడు తనకీ వినపడిందంటాడు గానీ అది వాడి గొప్ప. రాత్రికి మోకాలు కొబ్బరిబోండాంలా వాచిపోయింది.

మూడు వారాలు పసరు కట్టు కట్టించుకుని కుంటుతూ తిరిగాను, అదీ నా తెలివి. తర్వాత ఎంఆర్ఐ తీస్తే ఏసీఎల్ లిగమెంట్, అంటే మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే తాడు, పూర్తిగా తెగిందన్నారు. ఫిబ్రవరి ఆఖర్లో వైజాగ్‌లో ఆపరేషన్ అయింది. ఆరు వారాలు ఫిజియోకి వెళ్ళాను. ఆ తర్వాత బస్సు ఖర్చులు, డ్యూటీ పోవడం, ఇవన్నీ లెక్కేసుకుని మానేశాను. చివరి రోజు బొమ్మలున్న జిరాక్స్ కాగితం ఒకటి చేతిలో పెట్టి ఇవి చేసుకో అన్నారు. ఎన్నిసార్లు, ఎన్నాళ్ళు, ఎప్పుడు పెంచాలి, ఒక్క ముక్క లేదు అందులో.

ఇప్పుడు పరిస్థితి ఏంటంటే నడుస్తున్నాను, డ్యూటీకి వెళ్తున్నాను, నొప్పి పెద్దగా లేదు. సాయంత్రానికి కొంచెం బిగుతుగా ఉంటుంది. కానీ 68 కిలోలు ఉండేవాణ్ణి 79కి వచ్చాను. కుడి తొడ చూస్తే నాది కాదన్నట్టు సన్నగా అయిపోయింది. మేడ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాను. కింద కూర్చుని భోంచేయడం మానేశాను, మా ఇంట్లోది నేల మరుగుదొడ్డి, దాని సంగతి అడక్కండి. కాస్త వేగంగా నడిస్తే చాలు మా అమ్మ "ఏటిరా, మళ్ళీ ఇరగ్గొట్టుకుంటావేటి, కూకో" అంటుంది. అటు మా టీమ్ కుర్రాళ్ళు "అన్నా, నొప్పి లేదు కదా, వచ్చే సంక్రాంతికి దిగిపో" అంటున్నారు. ఇద్దరి మాటా వినాలనే ఉంది.

జిమ్ము మా ఊళ్ళో లేదు, విజయనగరం వెళ్ళి చేసేంత టైమూ లేదు. ఇంటి దగ్గరే ఏం చేయొచ్చు, ఎంత చేయొచ్చు, ఎక్కడ ఆగాలి? సంక్రాంతికి ఆడొచ్చా? ఇలాంటిది పడినవాళ్ళు చెప్పండి.

బొబ్బిలి బెబ్బులి:

తమ్ముడూ భయపడకు. నాకూ ఏసీఎల్ తెగింది, నేను అసలు ఆపరేషనే చేయించుకోలేదు, నాలుగేళ్ళుగా మోకాలికి సాగే గుడ్డ తొడుగు (నీ-క్యాప్) వేసుకుని క్రికెట్ ఆడుతున్నాను, ఏమీ కాలేదు. ఈ డాక్టర్లు, ఫిజియోలు భయపెట్టి బతుకుతారు. పొద్దున్నే లేచి పరుగెత్తు, మొదట్లో నొప్పి పుడుతుంది, పళ్ళు బిగబట్టుకుంటే పోతుంది. కోడి రామ్మూర్తి నాయుడు గారు పుట్టిన ప్రాంతం మనది, ఏనుగుని గుండెల మీద ఎక్కించుకున్న మనిషి ఆయన, మనం మోకాలికి భయపడితే ఎలా?

కొత్తవలస ఫిజియో:

బెబ్బులి గారూ, భయపెట్టి బతికేవాళ్ళలో నేనూ ఒకణ్ణే, పదేళ్ళు దాటింది.

మీరు చెప్పింది పూర్తిగా తప్పని అనను. ఆపరేషన్ లేకుండా కండబలంతో నెట్టుకొచ్చేవాళ్ళు నిజంగా ఉన్నారు. కానీ ఆడుతుంటే మోకాలు ఎప్పుడైనా జారినట్టు, పక్కకి తప్పుకున్నట్టు అనిపిస్తుందా? అలా జారిన ప్రతిసారీ లోపల మెత్తలా ఉండే మెనిస్కస్ నలుగుతుంది, చిరిగినా చిరుగుతుంది. ఆ నీ-క్యాప్ తొడుగు వెచ్చగా ఉంటుంది, ధైర్యంగా ఉంటుంది, అంతే. కాలు మెలిక పడకుండా ఆపే శక్తి ఆ గుడ్డకి లేదు.

ఇక అసలు తమ్ముడికి. నీ కాలు నేను చూడలేదు కాబట్టి ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి ఒకసారి చూపించుకుని మొదలుపెట్టు, ముఖ్యంగా మెనిస్కస్‌కి కూడా కుట్లు వేశారేమో కనుక్కో, వేసుంటే లోతుగా వంచే విషయంలో లెక్కలు మారతాయి.

లోపల వేసింది నీ ఒంట్లోంచే తీసిన తాడు లాంటి ముక్క. ఎముకలో బిగించినంత మాత్రాన అది లిగమెంట్ అయిపోదు. మొదటి రెండు మూడు నెలల్లో ఇంకా బలహీనపడుతుంది, తర్వాత కొత్త రక్తనాళాలు అందులోకి పాకి మెల్లమెల్లగా గట్టిపడుతుంది, ఏడాది దాటాక కూడా ఆ పని నడుస్తూనే ఉంటుంది. తిరకాసు ఎక్కడంటే, నొప్పి తగ్గేది సరిగ్గా ఆ ముక్క బలం తక్కువగా ఉన్న రోజుల్లోనే. అందుకే నొప్పి లేదు కదా దిగిపో అన్న మాట నమ్మొద్దు. మలుపులు తిరిగే ఆటలకి 9 నెలలు దాటకుండా పంపం, దాటినా ఊరికే పంపం, బాగున్న కాలి బలంలో కనీసం 90 శాతమైనా దెబ్బ తగిలిన కాలికి వచ్చిందా అని చూస్తాం. క్యాలెండర్ ఒక్కటే చూసి పంపితే మళ్ళీ తెగి వస్తారు.

నీ బలం ఎంతో ఇంట్లోనే ఓ మాదిరిగా తెలుసుకోవచ్చు. టైలర్ టేపు తీసుకుని మోకాలిచిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి గుర్తు పెట్టి రెండు తొడలూ కొలువు, రాసి పెట్టుకో. తర్వాత కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకుని ఎడమకాలు ఒక్కదాని మీద లే, ఎన్నిసార్లు లేవగలవో లెక్కపెట్టు. అదే కుడికాలితో ప్రయత్నించు, పక్కన ఎవరైనా ఉండాలి. ఒక్కసారి కూడా లేవలేకపోతే సంక్రాంతి మాట ఇప్పుడే మర్చిపో, నీకు లేవడం రాకపోవడానికే అవకాశం ఎక్కువ.

చేయాల్సినవి ఇవి. రెండు కాళ్ళ మీద కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా. పదిసార్లు, ఆగి మళ్ళీ పది, మళ్ళీ పది. మనవాళ్ళు తెలీకుండానే బరువంతా బాగున్న కాలి మీద వేసి లేస్తారు, అద్దం పెట్టుకుని చూస్తే దొరికిపోతావు. అది తేలికైపోయాక చెడిన కాలు కాస్త వెనక్కి జరిపి దాని మీద బరువు పెంచు. గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, ముందు రెండు కాళ్ళతో, తర్వాత ఒంటికాలితో. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం. నాలుగైదు అంగుళాల మెట్టు మీద ఒంటికాలితో నిలబడి రెండో కాలు నెమ్మదిగా కింద ఆనించడం, అప్పుడు మెట్టు మీదున్న మోకాలు లోపలివైపు వాలకూడదు. ఇవి వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. మిగతా రోజుల్లో సైకిల్. అవును, మామూలు సైకిలే, మిల్లుకి వెళ్ళొచ్చే దారిలో తొక్కు. సీటు ఎత్తు పెంచు, పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగానే వంగి ఉండాలి. సీటు కిందికుంటే చిప్ప మీద భారం పడుతుంది, మన దగ్గర సగం మంది సైకిల్ తొక్కితే మోకాళ్ళు నొప్పి అనడానికి కారణం అదే.

ఎంత చేయాలి అన్నదానికి నా పేషెంట్లకి చెప్పే లెక్క ఒకటుంది. నొప్పికి పదికి మార్కులు వేసుకో. చేస్తున్నప్పుడు మూడు దాకా ఫర్వాలేదు. అసలు పరీక్ష మర్నాడు పొద్దున. లేవగానే మోకాలు నిన్న పొద్దున ఎలా ఉందో అలాగే ఉంటే నిన్నటి మోతాదు సరిపోయిందన్నమాట. చిప్ప పైన ఉబ్బి, బిగుసుకుని ఉంటే నిన్న ఎక్కువైంది, ఒకటి రెండు రోజులు తగ్గించు, కానీ పూర్తిగా మానకు. ఏమీ చేయని రోజులు పెరిగేకొద్దీ కండ కరిగిపోతుంది, కండ కరిగితే మోకాలికి దిక్కుండదు.

పిక్క ఒక్కసారిగా వాచి వేడిగా నొప్పిగా ఉన్నా, మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపడం రాకపోయినా, జ్వరంతో మోకాలు ఎర్రబడినా ఇవన్నీ ఆపేసి ఆసుపత్రికి వెళ్ళాలి. ఇక్కడ పోస్టు పెట్టి జవాబు కోసం చూడకు.

కోడి రామ్మూర్తి గారి మాట వచ్చింది కాబట్టి, ఆయన ఛాతీ మీద ఏనుగు ఎక్కింది ఏళ్ళ తరబడి కసరత్తు చేశాక. 79 కిలోలకి వచ్చి ఏడు నెలలు కూర్చున్నాక కాదు.

అరసవల్లి టీచరమ్మ:

బాబూ, నాది మోకాలి దెబ్బ కాదు గానీ నీ ప్రశ్న చదివితే ఊరుకోలేకపోయాను. నాకు మూడో ఏట పోలియో వచ్చింది, ఎడమకాలు. ఇప్పుడు 58. కేలిపర్ (కాలికి ఆసరాగా కట్టుకునే పట్టీల చట్రం) వేసుకుని, చేతికర్రతో 30 ఏళ్ళు ఉద్యోగం చేశాను శ్రీకాకుళం జిల్లాలోనే, బస్సులెక్కి దిగి.

చిన్నప్పుడు ఆటల పీరియడ్ వస్తే నన్ను చెట్టు కింద కూర్చోబెట్టి అందరి చెప్పులూ, పలకలూ కాపలా కాయమనేవారు. కోపంతో కాదు, జాలితోనే. ఆ జాలి వల్ల నేను పదేళ్ళ వయసుకే కదలడం నా పని కాదనుకున్నాను. మీ అమ్మగారి "కూకో" కూడా అలాంటిదే, ఆవిడని తిట్టుకోకు, కానీ ఆ మాట ఒంట్లోకి దిగనివ్వకు.

అయితే రెండో తప్పు నేను 45 దాటాక చేశాను, అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. అప్పట్లో కాలు త్వరగా అలిసిపోవడం మొదలైంది, బాగున్న కుడికాలు కూడా. బద్ధకం వచ్చేసిందని నన్ను నేనే తిట్టుకుని నాగావళి గట్టున రోజూ నడక రెట్టింపు చేశాను. పై బెబ్బులి గారు చెప్పినట్టే, పళ్ళు బిగబట్టి. నాలుగు నెలలకి మెట్లెక్కడమే పోయింది, ఓ రోజు వంటింట్లో నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే కూలబడ్డాను. అప్పుడు ఓ పెద్ద డాక్టరు చెప్పారు, పోలియో వచ్చిన కొన్ని దశాబ్దాలకి ఇలా కొత్తగా నీరసం రావచ్చని, దీన్ని పోస్ట్ పోలియో అంటారని. చిన్నప్పుడు చచ్చిపోయిన నరాల పనిని మిగిలిన నరాలే నెత్తికెత్తుకుని చేస్తూ వచ్చాయట, అవి అలిసిపోయాయి. వాటిని ఇంకా తోలితే ఉన్నది కూడా పోతుంది. మనుషులకి చెప్పకుండా ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసే పెద్ద కోడలు ఏదో ఒక రోజు మంచం పట్టినట్టు.

కాబట్టి ఫిజియో గారు నీకు చెప్పింది నాకు పనికిరాదు, నాకు చెప్పింది నీకు పనికిరాదు. నీ కండని కాస్త కష్టపెట్టి పెంచాలి. నా కండని అలిసిపోకముందే ఆపాలి. మన ఇద్దరికీ కలిసే సంగతి మర్నాడు పొద్దున్న చూసుకోవడమొక్కటే. నేనిప్పుడు రోజుకి మూడుసార్లు, పదేసి నిమిషాలు, కుర్చీలోనే. రెండు లీటరు సీసాల్లో నీళ్ళు నింపి చేతులు ఎత్తి దించడం, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నచోటే కాళ్ళు నడుస్తున్నట్టు ఆడించడం, రేడియోలో పాటలొస్తుంటే నాకు డాన్సు కూడా అదే. గడియారం పెట్టుకుంటాను, హుషారుగా ఉన్న రోజు కూడా పది నిమిషాలకి ఆపేస్తాను. హుషారుగా ఉన్న రోజే అసలు ప్రమాదం.

వారానికి 150 నిమిషాలు కదలాలి అని పేపర్లో చూసి మొదట్లో బెంగ పెట్టుకున్నాను. తర్వాత తెలిసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన ఆ సూచనల్లో వైకల్యం ఉన్నవాళ్ళ గురించి కూడా విడిగా రాశారని, అంత చేయలేకపోయినా ఎంతో కొంత చేయడం ఏమీ చేయకపోవడం కంటే మేలనీ, కొంచెంతో మొదలుపెట్టి పెంచుకోవచ్చనీ. నా మూడు పదులు ఏడు రోజులు వేసుకుంటే 210. లెక్కల టీచర్ని కదా.

మెట్ల సంగతి ఒకటి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. కర్ర పట్టుకోవాల్సి వస్తే దెబ్బ తగిలిన వైపు కాదు, రెండో చేత్తో. సినిమాల్లో అందరూ తప్పుగా పట్టుకుంటారు.

బొబ్బిలి బెబ్బులి:

టీచరు గారూ, నా మాట మీకు తగులుతుందని అనుకోలేదు, తప్పుగా అనుకోకండి. ఫిజియో అన్నా, జారినట్టు అనిపిస్తుందా అని అడిగావు. అనిపిస్తుంది. నెలకి రెండు మూడుసార్లు. ఇంట్లో చెప్పలేదు. మెసేజ్ పెట్టొచ్చా నీకు?

కొత్తవలస ఫిజియో:

పెట్టు. ఈ ఆదివారం మ్యాచ్‌కి మాత్రం వెళ్ళకు.

ఉద్దానం జీడితోట:

అందరూ కసరత్తు గురించి చెప్పారు, ఒక్కరూ మాత్రల గురించి ఎత్తలేదు. చంపావతి తమ్ముడూ, సాయంత్రం బిగుతుగా ఉంటుందన్నావు, మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్ర ఏదైనా వేసుకుంటున్నావా? వేసుకుంటే ఆపు, లేదా డాక్టర్‌ని అడిగి వేసుకో.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి వైపు. మా దగ్గర కిడ్నీ జబ్బు సంగతి మీకందరికీ తెలిసిందే, ఇంటికొకరన్నట్టుంది, పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కట్టారంటే ఎంత ఉందో చూడండి. దీనికి అసలు కారణం ఏంటన్నది ఇప్పటికీ తేలలేదు, మాత్రలే కారణం అని నేను అనట్లేదు. కానీ డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో పనిచేసి చెమట కారి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు వేసుకుంటే మరీ చేటు. మా మావయ్య కొబ్బరిచెట్లు ఎక్కే మనిషి, నడుం నొప్పికి ఏళ్ళ తరబడి రోజూ ఒకటి మింగి పనికి పోయేవాడు, ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. దానివల్లే అని ఎవరూ రాసివ్వలేదు, కానీ అది మేలు చేయలేదని అందరూ అన్నారు.

ఇంకో సంగతి. మాత్ర వేసుకుని కసరత్తు చేస్తే ఫిజియో అన్న చెప్పిన పదికి మూడు లెక్క పనికిరాదు. కాలు చెప్పే మాట నీకు వినపడదు కదా.

నా కథ కూడా చెప్తాను పొట్టిగా. నాలుగేళ్ళ క్రితం నేనూ చెట్టు మీంచి జారి నిలువుగా పడ్డాను, కుడి మడమ ఎముక నలిగిపోయింది. అతికింది గానీ పాదం పక్కలకి తిరగదు. ఎగుడుదిగుడు నేల మీద నడవలేను, తోటలో నడవలేని తోటమాలిని అయిపోయాను. బీచ్‌లో ఇసక మెత్తగా ఉంటుంది కదా అని బారువ వెళ్ళి నడిచాను, మెత్తటి ఇసకలో పాదం ఎటు పడితే అటు ఒరిగిపోయి రెండు రోజులు లేవలేదు. ఇప్పుడు పొద్దున్నే తారు రోడ్డు మీద, గట్టి అట్ట ఉన్న బూట్లేసుకుని అరగంట నడుస్తాను. తోటలో పని కూర్చునేదే, గునపం మీద కాయలు ఒలవడం. దాంతో చేతులూ వీపూ ఎంత గట్టిపడ్డాయంటే మా ఆవిడ నవ్వుతుంది, సగం మనిషివి పైన పెరిగావని.

చంపావతి గట్టు:

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. వారం ఆగి రాస్తున్నాను, కొలిచి చెప్దామని.

టేపు పెట్టాను. ఎడమ తొడ 52, కుడి తొడ 47.5. ఎడమకాలి మీద కుర్చీలోంచి 14 సార్లు లేచాను. కుడికాలితో ఒక్కసారి కూడా లేవలేదు, సగం లేచి ఆగిపోయాను, మా తమ్ముడు పట్టుకున్నాడు. నొప్పి లేదు, అసలు బలమే లేదు. చాలా సిగ్గేసింది, ఏడు నెలలు డ్యూటీ చేస్తూ నడుస్తూ తిరుగుతున్నాను కదా బాగైపోయింది అనుకున్నాను. అద్దం పెట్టుకుని చూస్తే నిజంగానే ఒళ్ళంతా ఎడమ పక్కకి వాలుతోంది.

ఫిజియో అన్నా, నువ్వు చెప్పినట్టే రోజు విడిచి రోజు చేస్తున్నాను, మూడు రోజులైంది. మొదటి రోజు ఉత్సాహంలో నాలుగు విడతలు చేశాను, మర్నాడు చిప్ప పైన ఉబ్బింది, తర్వాత రెండుకి తగ్గించాను, ఇవాళ పొద్దున మామూలుగానే ఉంది. డాక్టర్‌కి ఫోన్ చేశాను, మెనిస్కస్‌కి కుట్లు వేయలేదట. జీడితోట అన్నా, వారానికి రెండు మూడు మాత్రలు వేసుకునే మాట నిజమే, ఆపేశాను, కిడ్నీ ఎలా ఉందో చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించుకున్నాను, బాగానే ఉంది. అన్నం రెండు పూటల నుంచి ఒక పూటకి తగ్గించి పొద్దున చోడి (రాగి) అంబలి తాగుతున్నాను, దీనికి మాత్రం మా అమ్మ ఒప్పుకుంది.

టీచరు గారూ, మీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను. చెప్పుల కాపలా దగ్గర కళ్ళు తుడుచుకుంది. నిన్న సాయంత్రం నేను కుర్చీలోంచి లేస్తుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చుని "ఏడు, ఎనిమిది" అని లెక్కపెట్టింది. తొమ్మిది రెండుసార్లు చెప్పింది, ఒకటి తగ్గించేద్దామనో ఏమో.

సంక్రాంతికి ఆడనని టీమ్‌కి చెప్పేశాను. గొడవ చేశారు. విజిల్ వేసే పని ఇమ్మన్నాను, ఇంకా తేల్చలేదు. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి మాత్రం వెళ్ళాలనుంది, ఆ జనంలో నాలుగు గంటలు నిలబడటం, తోపులాట, ఇప్పుడు ఫర్వాలేదంటారా? ఇంకొకటి, నేల మరుగుదొడ్డి మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ ఎక్కడ దొరుకుతుంది, గట్టిది?

కొత్తవలస ఫిజియో:

నాలుగున్నర సెంటీమీటర్ల తేడా ఎక్కువే. తొందరపడకు, నెల తర్వాత మళ్ళీ కొలువు. ఉత్సవానికి వెళ్ళు గానీ గుడి దగ్గర మూడు లాంతర్ల కూడలి వైపు తోపులాటలోకి దూరకు, ఎవరిదైనా మేడ మీంచో అరుగు మీంచో చూడు, వెనక్కి ఆనుకోవడానికి గోడ ఉండాలి. పక్క నుంచి ఎవరైనా పడితే మోకాలే ముందు మెలిక పడుతుంది.

అరసవల్లి టీచరమ్మ:

కుర్చీ విజయనగరంలో పెద్దాసుపత్రి దగ్గర సర్జికల్ షాపుల్లో అడుగు బాబూ. కొనేముందు కూర్చుని అటూ ఇటూ ఊగి చూడు, కాళ్ళకి రబ్బరు బుడిపెలు ఉన్నాయో లేదో కూడా చూసుకో, తడి నేల మీద అవి లేకపోతే జారుతుంది. మీ అమ్మగారిని తొమ్మిది ఒక్కసారే చెప్పమను.